చమురు బావిలోని బురదకు పరీక్ష

సూరత్ అనగానే తెలుగువారికి మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. కాని ఆ నగరానికి ఉత్తరాన, నర్మదానదికి దక్షిణ దిశలో, 1960లో చమురు బయల్పడిన అంకలేశ్వర్ క్షేత్రమున్నది. నగర సమీపాన హజీరాలో, సముద్రగర్భం నుండి వచ్చే సహజవాయువును శుద్ధిచేసే పెద్ద కర్మాగారమున్నది. ఇటువంటి క్షేత్రాలలో బావిని త్రవ్వేటప్పుడు యంత్రాల బలమొక్కటే చాలదు. బావిలో నింపే బురద కూడ సరియైనది కావాలి. అది సరియైనదో కాదో తేల్చేది ప్రయోగశాల.

ఈ బురదను బోలు గొట్టం ద్వారా అడుగుకు పంపుతారు. అది త్రవ్వే మొనను చల్లబరచి, రాతిముక్కలను మోసుకొని, గొట్టానికి వెలుపలి సందు గుండా పైకి వస్తుంది. అంతకంటె ముఖ్యంగా, తన బరువుతో భూగర్భంలోని వాయువును అదిమి ఉంచుతుంది. దీనికి చిక్కదనమిచ్చేది బెంటొనైటు అనే బంకమన్ను. గుజరాత్‌లోని కచ్ ప్రాంతం దానికి ప్రసిద్ధి. బరువునిచ్చేది బెరైటీసు, అనగా మన ముగ్గురాయి. రాయలసీమలోని మంగంపేట గనులు దానికి ప్రపంచ ప్రసిద్ధి గాంచినవి. ఈ రాయి నీటికంటె 4.2 రెట్లు బరువైనది.

ఈ బరువును కొలవడంలో స్వల్పమైన పొరపాటు కూడ ఎంత ముప్పు తేగలదో ఒక లెక్క చూడండి. నీటికంటె 1.2 రెట్లు బరువైన బురద 2000 మీటర్ల లోతున చదరపు సెంటీమీటరుకు సుమారు 240 కిలోల పీడనం కలిగిస్తుంది. అది 1.1 రెట్లకు తగ్గితే పీడనం 220 కిలోలే. అడుగున వాయుపీడనం 230 కిలోలు ఉన్నదనుకుంటే, మొదటి బురద దానిని ఆపుతుంది, రెండవది ఆపలేదు. అట్లని బరువును అమితంగా పెంచరాదు. అప్పుడు రాతిపొర పగిలి బురద అందులోనికి ఇంకిపోతుంది. బావిలో దాని మట్టం పడిపోయి, మరల వాయువుకే దారి ఏర్పడుతుంది.

కావున బురద బరువును ప్రత్యేకమైన త్రాసుతో తూస్తారు. చిక్కదనానికి స్థూలమైన పరీక్ష ఒక గరాటు. దాని గుండా మంచినీరు 946 ఘన సెంటీమీటర్లు జారడానికి 26 సెకన్లు పడుతుంది. బురదకు అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. పిమ్మట తిరుగుడు యంత్రంతో వివిధ వేగాలలో స్నిగ్ధతను కొలుస్తారు. పంపులు ఆగినప్పుడు బురద గడ్డకట్టి రాతిముక్కలను క్రిందికి జారనీయక పట్టి ఉంచాలి. అందుకై 10 సెకన్లు, 10 నిమిషాలు కదలక ఉంచి ఆ పట్టును పరీక్షిస్తారు. వడపోత పరికరంలో 30 నిమిషాలు ఒత్తిడికి గురిచేసి, దిగిన నీటిని, మిగిలిన పొర మందాన్ని కొలుస్తారు. లోతైన బావుల వేడిని తట్టుకొనునో లేదో తెలియడానికి, ఉక్కుపాత్రలో బిగించి కొలిమిలో 16 గంటలు దొర్లించి, మరల ఇవే పరీక్షలు చేస్తారు.

బావి సిద్ధమైన తరువాత కూడ ప్రయోగశాల పని ముగియదు. పూడుకొనిపోయిన రాతిరంధ్రాలను తెరవడానికి ఆమ్లాలను పంపుతారు. ముందుగా ఆ ఆమ్లాన్ని ఆ బావి చమురుతోనే కలిపి చూస్తారు. రెండూ కలిసి జిడ్డుముద్దగా మారితే, చికిత్సయే వ్యాధి అవుతుంది. గొట్టాల ఉక్కుముక్కను ఆమ్లంలో ముంచి, అది ఎంత తరిగినదో తూచి చూస్తారు.

భూగర్భ పీడనం అదుపు తప్పితే ఏమగునో ఆంధ్రులకు తెలుసు. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఒక బావి నుండి వాయువు ఎగజిమ్మి, మంటలంటుకొని, మార్చి నెల నడిమి వరకు మండినది. పరిసర గ్రామాల ప్రజలు ఇండ్లు విడిచి తరలిపోవలసి వచ్చినది. ఇట్టి ప్రమాదాలకు కారణాలు పలువిధాలు. అయినను వాటిని నిరోధించే మొదటి అడ్డుగోడ బావిలోని బురదయే.

కచ్ మట్టి, మంగంపేట రాయి ఒకే బావిలో కలిసి దేశానికి ఇంధనాన్ని అందించగలవు. అయితే ఆ కలయిక బలం దాని పాళ్లలో ఉన్నది. ఆ పాళ్లను ప్రతి దినం ఓపికతో తూచి, కొలిచి, నమోదు చేసే ప్రయోగశాల కార్మికుని శ్రమపై బావి దగ్గర పనిచేసేవారి ప్రాణాలు ఆధారపడి ఉన్నవి.