ఎలక్ట్రానిక్స్ మొదటి పాఠానికి ఏ బోర్డు? ఊనో, ఈఎస్‌పీ32, పికో, మైక్రోబిట్‌లలో మన ఓటు దేనికంటే...

ఈ సెలవుల్లో మీ తమ్ముడికో, మీ స్కూల్లో జూనియర్లకో ఎలక్ట్రానిక్స్ నేర్పుదామనుకుంటున్నారా? ఫోన్ కొన్నట్టే ర్యామ్, ప్రాసెసర్ స్పీడ్ చూసి బోర్డు ఆర్డర్ పెట్టేయకండి.

హుజూర్‌నగర్ లాంటి ఊళ్లో బోర్డు కాలిపోతే ఏం చేస్తారు? హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి పోవాలి, లేదంటే కొరియర్ కోసం ఆగాలి. ఈలోపు పిల్లల హుషారు చల్లారిపోతుంది. అందుకే మొదట చూడాల్సింది ఒక్కటే: పిల్లలు తప్పు చేస్తే ఏ బోర్డు ఎక్కువ తట్టుకుంటుంది?

నాలుగు బోర్డులు, క్లుప్తంగా

• ఆర్డుయినో ఊనో ఆర్3: 16 మెగాహెర్ట్జ్, ర్యామ్ 2 కేబీ మాత్రమే. కానీ పిన్‌లు 5 వోల్ట్‌లవి.
• ఈఎస్‌పీ32: 240 మెగాహెర్ట్జ్, వైఫై, బ్లూటూత్ ఉన్నాయి. పిన్‌లు 3.3 వోల్ట్‌లు.
• రాస్ప్‌బెర్రీ పై పికో: 2021లో 4 డాలర్ల ధరతో వచ్చింది. ర్యామ్ 264 కేబీ, మైక్రోపైథాన్‌కు బాగుంటుంది. ఇదీ 3.3 వోల్ట్‌లే.
• మైక్రోబిట్: 25 ఎల్ఈడీలు, బటన్లు, కదలికను పసిగట్టే సెన్సర్ బోర్డులోనే ఉంటాయి. కోడింగ్ నేర్పడానికి సూపర్. కానీ అన్నీ లోపలే ఉంటే వైరింగ్ నేర్చుకునే అవకాశం తక్కువ.

ట్యాంక్ పాఠంతో పరీక్ష

మిద్దె మీది వాటర్ ట్యాంక్‌లో నీళ్లెన్ని ఉన్నాయో చెప్పే ప్రాజెక్ట్ తీసుకుందాం. దీనికి హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ చాలు. శబ్దం నీళ్లను తాకి తిరిగొచ్చే టైమ్‌ను కొలుస్తుంది. మైక్రోసెకన్లను 0.034తో గుణించి 2తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. 2,900 మైక్రోసెకన్లు వస్తే నీళ్లు సుమారు 49 సెంటీమీటర్ల కింద ఉన్నట్టు.

ఈ సెన్సర్ ఎకో పిన్ 5 వోల్ట్‌లు పంపుతుంది. ఊనోకు నేరుగా కలిపేయొచ్చు. ఈఎస్‌పీ32కో, పికోకో అలా కలిపితే పిన్ దెబ్బతినే ప్రమాదం ఉంది. మధ్యలో 1 కిలో ఓమ్, 2 కిలో ఓమ్ రెసిస్టర్లతో వోల్టేజ్‌ను 3.3కి తగ్గించాలి. మొదటి రోజే పిల్లలకు ఇదంతా చెప్తే తల తిరుగుతుంది.

మా ఓటు

మొదటి నెల ఊనోకే. అందులోనూ పొడవాటి చిప్ సాకెట్‌లో కూర్చున్న మోడల్ అడిగి తీసుకోండి. చిప్ పోతే బూట్‌లోడర్ వేసిన కొత్త చిప్ మార్చుకుంటే సరిపోతుంది, బోర్డంతా పారేయక్కర్లేదు. క్లోన్ బోర్డు కొంటే సీహెచ్340 డ్రైవర్ వేసుకోవాల్సి రావచ్చు. బోర్డు వచ్చేలోపు టింకర్‌క్యాడ్‌లో ఊనో సర్క్యూట్లు ఫ్రీగా ప్రాక్టీస్ చేయించండి.

ఊనో కూడా మొండిది కాదు. ఎల్ఈడీకి 220 ఓమ్స్ రెసిస్టర్ తప్పనిసరి. ఎర్ర ఎల్ఈడీ 2 వోల్ట్‌లు వాడుకుంటే, మిగిలిన 3ను 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీఆంప్స్. పిన్‌కు 20 దాటకుండా చూసుకోవాలి. వోల్టేజ్ లెక్క చేతికొచ్చాక ఈఎస్‌పీ32కి మారి, అదే ట్యాంక్ లెవెల్‌ను ఫోన్‌లో చూపించండి.

చివరగా ఒక్క మాట. పిల్లలు రిలే చూడగానే పొలంలో మోటార్ స్టార్టర్‌కు కలుపుదామంటారు. అది త్రీఫేజ్ కరెంట్, ప్రాణాలు పోతాయి. నేర్చుకునేవాళ్లు యూఎస్‌బీ 5 వోల్ట్‌ల దగ్గరే ఆగాలి. బోర్డు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.