మందు ఆపొద్దు – ఎగతాళి ఆపుదాం

మా బడిలో ఒక పిల్లవాడు ఉన్నాడు. ఏడో తరగతి. ఒక్కచోట కూర్చోడు. చెప్పింది చివరిదాకా వినడు. పెన్ను ఒకచోట, పుస్తకం ఒకచోట మరిచిపోతాడు.

తోటి పిల్లలు వాణ్ణి "తిక్కోడు" అనేవాళ్లు. సంచి దాచేవాళ్లు. ఆటలోకి రానిచ్చేవాళ్లు కాదు. నేను కూడా వాణ్ణి ఎన్నోసార్లు బెంచీ మీద నిలబెట్టాను. అది నా తప్పు. టీచరే అలా చేస్తే పిల్లలు ఊరుకుంటారా?

వాళ్లమ్మ కూలికి పోతుంది. దిష్టి తగిలిందని తాయెత్తు కట్టించింది. తగ్గలేదు. చివరికి జిల్లా ఆసుపత్రికి తీసుకుపోయింది. మానసిక వైద్యుడు చూశాడు. ఇంట్లో ఎలా ఉంటాడు, బడిలో ఎలా ఉంటాడు అని అడిగాడు.

"దీన్ని ఏడీహెచ్‌డీ అంటారమ్మా. పొగరు కాదు. పిచ్చి కాదు. నీ పెంపకంలో తప్పూ లేదు" అన్నాడు. మాత్రలు రాశాడు.

పిల్లవాడు కొంచెం కుదురుకున్నాడు. కాని మధ్యాహ్నం మాత్ర బడిలో వేసుకోవాలి. పిల్లలు చూశారు. "పిచ్చి మాత్రలోడు" అని ఏడిపించారు. వాడు మాత్ర మింగనన్నాడు. బడికి పోనన్నాడు. నలుగురి మాటలకు భయపడి అమ్మ కూడా మందు ఆపేసింది. కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఒకరోజు ఆమె నా దగ్గరకు వచ్చి ఏడ్చింది. "మందు ఆపింది నేను కాదు టీచరమ్మా, ఊళ్లో మాటలు" అంది.

ఇద్దరం కలిసి మళ్లీ డాక్టరు దగ్గరకు వెళ్లాం. ఇప్పుడు వాడు ముందు బెంచీలో కూర్చుంటాడు. పని చిన్న చిన్న ముక్కలుగా ఇస్తున్నాను. మాత్ర ఆఫీసు గదిలో నా ముందు వేసుకుంటాడు. ఏడిపించిన పిల్లలను విడిగా పిలిచి మాట్లాడాను. వాడు రోజూ బడికి వస్తున్నాడు.

తెలుసుకుందాం

● ఏడీహెచ్‌డీ మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. ఇది అంటుకోదు.

● ఆడపిల్లలకూ రావచ్చు. వాళ్లు అల్లరి చేయకుండా పరధ్యానంగా ఉండవచ్చు.

● అల్లరి చేసే ప్రతి బిడ్డకూ ఇది ఉన్నట్టు కాదు. డాక్టరే తేల్చాలి.

● మందు వల్ల ఆకలి, నిద్ర తగ్గవచ్చు. అప్పుడు డాక్టరుకు చెప్పాలి. మనంతట మనం మందు ఆపకూడదు, పెంచకూడదు. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వకూడదు.

● సలహా కోసం టెలీ మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేయండి. పిల్లలను ఎవరైనా బాధపెడితే 1098 నంబరుకు చెప్పండి. రెండూ ఉచితం.

చర్చించండి – రాయండి

1. అమ్మ మందు ఎందుకు ఆపింది?

2. టీచరు తన తప్పును ఎలా దిద్దుకుంది?

3. మీ బిడ్డే ఇంకొకరిని ఏడిపిస్తుంటే మీరు ఏం చెబుతారు?