గాలపు ముల్లుపై కప్ప

నీటిపై తేలు కృత్రిమపు ఎరలలో కప్పబొమ్మ మిక్కిలి చిత్రమైనది. ఇంగ్లీషువారు దీనిని 'ఫ్లై' అందురు. ఫ్లై అనగా ఈగ. పూర్వము నీటిపై వ్రాలు ఈగలను పోలిన యెరలను ఈకలతో కట్టెడివారు. పిమ్మట కప్పలను, ఎలుకలను కట్టినను ఆ పేరే నిలిచినది. కప్పను ఈగ యనుట వింతయే!

అమెరికా దేశపు మంచినీటి సరస్సులలో బ్లాక్ బాస్ అను పెద్దనోటి చేప కలదు. అది తామరాకుల నీడలో పొంచియుండి, పైన ఈదు కప్పను ఒక్క పెట్టున మ్రింగును. ఈ చేపను గూర్చి జేమ్స్ హెన్‌షల్ అను వైద్యుడు 1881లో ఒక గ్రంథమును ప్రకటించెను. లేడి వెండ్రుకలతో కట్టిన తేలుడు ఎర యొకటి నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. తరువాత వెస్ట్ వర్జీనియా రాష్ట్రవాసియగు జో మెస్సింజర్ వెండ్రుకలతోనే కాళ్లు గల కప్పను కట్టి ప్రసిద్ధుడయ్యెను.

లేడి వెండ్రుకయే యేల? దాని లోపల గాలి నిండిన చిన్న చిన్న గదులు బెండువలె నుండును. కావున అది తేలును. అంతేకాక, దారముతో బిగించినచో నొక్కుకొని విసనకర్రవలె విచ్చుకొనును. ఈ రెండవ గుణము లేనిచో కప్పకు దేహమే యేర్పడదు.

కట్టు విధమును చెప్పెదము. పొడుగు కాడ, వెడల్పు వంపు గల ముల్లును చిన్న పట్టుకారులో బిగించి, కాడపై దారము చుట్టవలెను. ముల్లు వంపునొద్ద నాలుగు కోడి యీకలను, ఇరుప్రక్కల రెండేసి చొప్పున, వంపులు వెలుపలికి తిరిగియుండునట్లు కట్టవలెను. లాగినపుడు అవి దగ్గరకు ముడుచుకొనును, ఆపినపుడు విచ్చుకొనును. కప్ప కాళ్లు ఈదునపుడు చేయు పని యిదియే. అటుపిమ్మట పెన్సిలు లావు వెండ్రుకల కుచ్చును కాడపై నుంచి, దారమును రెండు చుట్లు వదులుగా త్రిప్పి, ఒక్కమారు బిగింపవలెను. కుచ్చు విచ్చుకొనగనే వ్రేళ్లతో వెనుకకు నొక్కి, మరియొక కుచ్చు కట్టవలెను. కాడ నిండువరకు ఇట్లే. ఎంత దట్టముగా నొక్కిన అంత చక్కగా తేలును. తొందరపడువారి కప్ప పలుచనై మునిగిపోవును.

చివర బ్లేడుతో కత్తిరింపు. ఇది పెద్దల యెదుటనే చేయవలెను. వీపును గుండ్రముగా, ముఖమును వెడల్పుగా నుంచి, పొట్టను మాత్రము కాడకు దగ్గరగా చదును చేయవలెను. అచట వెండ్రుకలు మిగిలినచో ముల్లు నోట నాటుకొనదు. చూచుటకెంత అందముగా నున్నను అట్టి కప్ప నిరుపయోగము.

మన దేశమున బ్లాక్ బాస్ స్థానమును కొర్రమీను వహించుచున్నది. తమిళులు దీనినే విరాల్ అందురు. గాలి పీల్చుటకై మాటిమాటికి పైకి వచ్చు ఈ చేపకు కప్పయనిన ప్రీతి. జాలరులు బ్రతికిన చిన్న కప్పనే ముల్లునకు గ్రుచ్చుట కలదు. పైరుల పురుగులను తిని రైతునకు మేలు చేయు కప్పను ఇట్లు హింసించుట మాకు సమ్మతము గాదు. కప్ప కాళ్ల యెగుమతిని 1987లో మన ప్రభుత్వము నిషేధించినది. అట్లని లేడి వెండ్రుకలకై వెదుకరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము జింక చర్మమును దాచుటయు నేరమే. పాత హవాయి చెప్పు అడుగు చాలును! దానిని కప్ప ఆకారమున చెక్కి, పొట్టన గాటు పెట్టి, ముల్లు కాడను అందులో జిగురుతో అతికించి, కోడి యీకలను కాళ్లుగా కట్టి, వీపునకు ఆకుపచ్చ రంగు వేయవలెను.

వానకాలమున ఎర్రని పిల్లల గుంపు నీటిపై కదలుచుండగా తల్లిదండ్రులగు కొర్రమీనులు క్రింద కావలి కాయుచుండును. దగ్గరకు వచ్చిన దేనినైనను అవి కరచును. అప్పుడు వానిని పట్టుట సులభమే, కాని పిల్లలన్నియు పరుల పాలగును. కావున ఆ గుంపు కనబడిన చోట గాలము వేయరాదు.

ఇతర కాలమున కప్పను ఆకుల ప్రక్కన మెల్లగా దింపి, అలలు అణగువరకు కదల్పక, పిమ్మట జానెడు లాగి మరల ఆపవలెను. చేప తరచుగా ఆ ఆగినపుడే పట్టును. నీరు చిమ్మిన క్షణముననే కర్రను ఎత్తక, దారమున బరువు తెలిసిన పిదప లాగవలెను.