సేలం కింద వెతుకు

చిరంజీవి మనవరాలికి, హోసూరు నుంచి తాత ఆశీస్సులు.

మొదటి ప్రపంచ యుద్ధానికి మన పక్కనుంచి వెళ్ళిన సిపాయిల కోసం పట్టికలన్నీ గాలించాననీ, 'కృష్ణగిరి' అని కొడితే ఒక్క పేరూ రాలేదనీ రాశావు. రాదమ్మా. అప్పుడు కృష్ణగిరి జిల్లా ఎక్కడిది? మన హోసూరూ, మీ కృష్ణగిరీ సేలం జిల్లాలో తాలూకాలు. రాజాజీ పుట్టిన తొరపల్లి కూడా అప్పుడు సేలం జిల్లాయే. 1965లో ధర్మపురి జిల్లా, 2004లో కృష్ణగిరి జిల్లా వచ్చాయి. 1916లో పోయినవాడు 2004 నాటి జిల్లాలో ఎట్లా దొరుకుతాడు?

కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ పట్టికలో కొన్ని పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. పేరు గడి వదిలి, అదనపు వివరాల గడిలో 'సేలం' అని కొట్టు. దొరల పాత రాతల్లో కృష్ణగిరి 'కిస్ట్నగెర్రీ'. ఊరి పేరు పైకి పలికి, చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి చూడు. అయితే అది చనిపోయినవాళ్ళ పట్టిక. తిరిగొచ్చినవాడు అందులో ఉండడు.

ఇక సిపాయిలు ఇంటికి రాసిన జాబులు. న్యూజిలాండ్‌లో, ఆస్ట్రేలియాలో యుద్ధం నుంచి కొడుకు రాసిన జాబును ఇంటివాళ్ళు ఊరి పత్రికకిస్తే అచ్చయ్యేది. ఇప్పుడు 'పేపర్స్ పాస్ట్', 'ట్రోవ్' అనే పాత పత్రికల వెబ్‌సైట్లలో పేరు కొడితే ఆ పుటే తెరుచుకుంటుంది. మన సిపాయి జాబు దారి వేరు. చాలామందికి రాత రాదు. తోటివాడు రాసేవాడు, ఊళ్ళో ఇంకొకడు చదివి వినిపించేవాడు. ఫ్రాన్సు నుంచి వచ్చేవాటిని బొలోన్‌లో సెన్సారువాళ్ళు చదివి, కొన్ని ముక్కలు ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకున్నారు. అవి లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ 1999లో కొన్నిటిని పుస్తకంగా తెచ్చారు. ఎక్కువ ఉత్తరాదివాళ్ళవే. సెన్సారు కళ్ళు కప్పడానికి సిపాయిలు మనవాళ్ళను నల్ల మిరియాలనీ, తెల్లవాళ్ళను ఎర్ర మిరపకాయలనీ రాశారు. జాబు చదవకుండా సూచిక కట్టేవాడు దాన్ని వంట దినుసుల్లో వేస్తాడు! అందుకే సూచిక చూసి ఆగిపోకు, పుట తెరిచి చదువు.

ఇక మన పత్రికల సంగతి. ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. ఇట్లాంటి పాత తెలుగు పుటలు చాలావరకు స్కాన్ బొమ్మలే, పేరు కొడితే పలకవు. తేదీ పట్టుకుని తిప్పాలి. పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకో. పేరు అచ్చులో ఉన్నట్టే రాయి, నీ సవరణ వేరే గడిలో వెయ్యి. ఊరు, పటాలం, తేదీ, పుట, కాలమ్ మరవకు. ఏమీ దొరకని వారాన్ని కూడా 'చూశాను, లేదు' అని రాసుకో. నీ తర్వాత వచ్చేవాడికి ఆ శ్రమ తప్పుతుంది.

సెలవులకు వచ్చేటప్పుడు ఆ నోటుపుస్తకం తీసుకురా. పలకడం రాని ఊళ్ళ పేర్లుంటే నేను చెబుతాను.

— తాత