స్విచ్‌ల వలయానికి చెట్టు రూపం: స్పానింగ్ ట్రీ విధానాలు

అమెరికాలోని బోస్టన్‌లో ఉన్న బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్య కేంద్రంలో 2002 నవంబరులో కంప్యూటర్ నెట్‌వర్క్ కొన్ని రోజులపాటు స్తంభించింది. పరీక్షల ఫలితాలు, మందుల వివరాలు మళ్లీ కాగితాల మీద రాసి చేతికి చేత అందించాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి ముక్కలుముక్కలుగా పెంచుకుంటూ పోయిన ఆ నెట్‌వర్క్, స్పానింగ్ ట్రీ ప్రొటోకాల్ తట్టుకోగల హద్దును దాటిపోయింది.

ఏమిటీ ప్రొటోకాల్? రెండు స్విచ్‌ల మధ్య ఒకే కేబుల్ ఉంటే, అది తెగినప్పుడు పని ఆగిపోతుంది. అందుకే అదనపు దారి వేస్తారు. అయితే అదనపు దారితో వలయం ఏర్పడుతుంది. ఐపీ ప్యాకెట్‌కు ఇన్ని మజిలీల తర్వాత ఆగిపోవాలనే లెక్క ఉంటుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌కు అది లేదు. అందరికీ పంపిన ఒక బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ వలయంలో ఆగకుండా తిరుగుతూ, ప్రతులు పెంచుకుంటూ, క్షణాల్లో నెట్‌వర్క్‌ను నింపేస్తుంది.

దీనికి పరిష్కారాన్ని 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ రూపొందించారు. స్విచ్‌లు మామూలుగా ప్రతి 2 సెకన్లకు బీపీడీయూ అనే చిన్న సందేశాలు పంపుకుంటాయి. అతి తక్కువ గుర్తింపు సంఖ్య ఉన్న స్విచ్ ‘రూట్’ అవుతుంది. మిగిలినవి రూట్‌కు తక్కువ ఖర్చు దారిని ఉంచుకుంటాయి. వలయాన్ని కలిపే పోర్టులు మూసుకుంటాయి. మూసిన పోర్టు కూడా సందేశాలు వింటూనే ఉంటుంది. దారి తెగితే అదే తెరుచుకుంటుంది.

ఇందులో ముఖ్యమైన విధానాలు నాలుగు.

పాత ఎస్‌టీపీ: మార్పు వచ్చాక కోలుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది.

ర్యాపిడ్ ఎస్‌టీపీ: 2001లో వచ్చింది. పక్క స్విచ్‌లు నేరుగా మాట్లాడుకుని, సాధారణంగా కొద్ది సెకన్లలోపే సర్దుకుంటాయి.

ర్యాపిడ్ పీవీఎస్‌టీ: సిస్కో విధానం. ప్రతి వీల్యాన్‌కు ఒక చెట్టు. రద్దీని రెండు దారుల్లో పంచవచ్చు. వీల్యాన్‌లు వందల్లో ఉంటే స్విచ్ ప్రాసెసర్‌పై భారం పెరుగుతుంది.

ఎంఎస్‌టీపీ: అనేక వీల్యాన్‌లను కొన్ని చెట్లకే కేటాయిస్తుంది. ప్రాంతం పేరు, రివిజన్ సంఖ్య, వీల్యాన్ కేటాయింపు అన్ని స్విచ్‌లలో ఒకేలా ఉండాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ స్విచ్ వేరే ప్రాంతంగా లెక్కలోకి వస్తుంది.

అమర్చేటప్పుడు ముందు రూట్‌ను నిర్ణయించాలి. స్విచ్‌లన్నింటికీ మొదట ఉండే ప్రాధాన్య సంఖ్య 32768. దాన్ని అలాగే వదిలేస్తే, అతి చిన్న మ్యాక్ చిరునామా ఉన్న స్విచ్ రూట్ అవుతుంది. అది ఏ మూల గదిలోని పాత స్విచ్ అయినా కావచ్చు. కేంద్ర స్విచ్‌కు 4096, దాని ప్రత్యామ్నాయానికి 8192 ఇవ్వడం మంచిది. ఈ సంఖ్య 4096 గుణిజమే కావాలి.

తర్వాత విధానం ఎంచుకోవాలి. సిస్కో స్విచ్‌లలో ‘స్పానింగ్-ట్రీ మోడ్’ ఆదేశం పక్కన విధానం పేరు ఇస్తే సరిపోతుంది. విధానం మారితే చెట్టు మళ్లీ మొదటి నుంచి కట్టుకుంటుంది, సమాచారం కాసేపు ఆగుతుంది. కాబట్టి రద్దీ లేని వేళ చేయాలి. కంప్యూటర్లు తగిలే పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్‌తో పాటు బీపీడీయూ గార్డ్ పెడితే, ఎవరైనా అక్కడ మరో స్విచ్ తగిలించగానే ఆ పోర్టు ఆగిపోతుంది.

మామూలు సమయ విలువలు ఏ ఇద్దరు చివరి పరికరాల మధ్యనైనా 7 స్విచ్‌లకు మించవన్న అంచనాతో ఉన్నాయి. కొత్త స్విచ్ చేర్చే ప్రతిసారీ ఈ లెక్క చూసుకుని, రూట్ ఏదో సరిచూసుకోవడం నెట్‌వర్క్ నిర్వాహకుల కనీస బాధ్యత.