విశ్రాంతి ఎవరి హక్కు? క్రికెట్ సీజన్ మార్పులపై తరచూ అడిగే ప్రశ్నలు

భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2024 డిసెంబరులో కౌలాలంపూర్‌లో అండర్-19 ఆసియా కప్ ఆడింది. నెల తిరక్కుండానే మళ్లీ మలేసియాలో ప్రపంచకప్: 309 పరుగులు, 7 వికెట్లు, స్కాట్లాండ్‌పై 59 బంతుల్లో 110 నాటౌట్. ఆ దారిలో పిల్లల్ని నడిపించాలనుకునే ఖమ్మం, మన్యం తల్లిదండ్రులకు ఆట నియమాలే కాదు, విశ్రాంతి నియమాలూ తెలియాలి.

ఏడాదికి ఇన్ని మ్యాచ్‌లకు మించి ఆడించకూడదన్న నియమం ఉందా?

సీనియర్ క్రికెట్‌లో లేదు. 2025 ఇంగ్లండ్ పర్యటనలో బుమ్రా మూడు టెస్టులే ఆడతాడని ముందే ప్రకటించారు. హైదరాబాదీ సిరాజ్ మాత్రం ఐదూ ఆడాడు. 185.3 ఓవర్లు వేసి 23 వికెట్లు తీశాడు. ఓవల్‌లో 6 పరుగుల గెలుపు చూసి అందరం పొంగిపోయాం. కానీ ఎవరికి ఎప్పుడు విరామం ఇవ్వాలన్నది వైద్యులు, సెలెక్టర్లు, జట్టు యాజమాన్యం తేల్చే విషయం. ఆటగాడు కాగితం చూపించి అడగగలిగే హక్కుగా అది ఇంకా మారలేదు.

రంజీ సీజన్‌ను రెండు ముక్కలు ఎందుకు చేశారు?

మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య మూడు రోజులే ఇస్తే పేసర్లు గాయాలపాలవుతారని 2024 మార్చిలో శార్దూల్ ఠాకూర్ బహిరంగంగానే చెప్పాడు. 2024-25 సీజన్‌లో ఐదు రౌండ్లు అక్టోబరు, నవంబరుల్లో జరిపి, నడుమ పొట్టి ఫార్మాట్ టోర్నీలు పెట్టి, మిగతా రంజీని జనవరి 23న మొదలుపెట్టారు. ఉత్తరాది పొగమంచు బాధా కొంత తప్పింది. ఇది మంచి మార్పు. మ్యాచ్‌లు తగ్గించకుండానే ఎడం పెంచారు.

ఐపీఎల్ తర్వాత ఎన్ని రోజులు విరామం ఉండాలి?

ఐపీఎల్‌కూ జాతీయ క్యాలెండర్‌కూ మధ్య 15 రోజులు ఉండాలని జస్టిస్ లోధా కమిటీ 2016లోనే సూచించింది. 2023లో ఐపీఎల్ ఫైనల్ మే 29 అర్ధరాత్రి దాటాక ముగిస్తే, జూన్ 7న ఓవల్‌లో ప్రపంచ టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ మొదలైంది. 2024లో ఫైనల్ మే 26న, టీ20 ప్రపంచకప్‌లో మన తొలి మ్యాచ్ జూన్ 5న. 2025లో మాత్రం ఐపీఎల్ ఫైనల్ జరిగిన జూన్ 3కూ, లీడ్స్ టెస్టు మొదలైన జూన్ 20కీ మధ్య ఆ విరామం దక్కింది.

మా అమ్మాయి అండర్-19, అండర్-23, సీనియర్ జట్లు మూడింటికీ ఎంపికైతే?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బాగా ఆడే అమ్మాయిని అన్ని జట్లూ కోరుకుంటాయి. మూడింటి భారాన్నీ కలిపి లెక్కపెట్టే మనిషి ఇంట్లోవాళ్లే కావాల్సి వస్తుంది. ఒక టోర్నీ వద్దనడానికి మీకు అడ్డు లేదు. కాకపోతే జట్టుతో ఉన్న మ్యాచ్ రోజులకే ఫీజు. మగవాళ్ల రంజీలోనూ ఇంతే: తుది జట్టులో ఆడితే అనుభవాన్ని బట్టి రోజుకు 40 నుంచి 60 వేలు. విశ్రాంతి తీసుకున్న రోజుకు కూలి లేకపోతే పేదింటి పిల్ల నొప్పి దాచుకుని ఆడుతుంది. విశ్రాంతికీ ఫీజు ఇప్పించని సంస్కరణ సగం సంస్కరణే.

ప్రయాణాన్నీ భారంలో కలపండి. భద్రాచలం రోడ్ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడికే దాదాపు 40 కిలోమీటర్లు, ఆపైన హైదరాబాద్. పేస్ వేసే పిల్లలైతే ఓవర్లు పుస్తకంలో రాసిపెట్టండి. ఇంగ్లండ్‌లో అండర్-19 పేసర్‌కు స్పెల్‌కు 7, రోజుకు 18 ఓవర్లే హద్దు. మీ కోచ్‌ను ఆ లెక్క అడగడం తప్పు కాదు.

గాయమైతే?

బోర్డు కాంట్రాక్టు ఉన్నవారు బెంగళూరు సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ఫిట్‌నెస్ ధ్రువీకరించాకే తిరిగి ఆడతారు. కాంట్రాక్టు లేనివారు డాక్టరు చీటీ, స్కాన్ రిపోర్టు జాగ్రత్త చేసుకోవాలి.

ఆటగాళ్ల తరఫున మాట్లాడే సంఘం ఉందా?

2019లో ఏర్పడ్డ ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ ఉంది. సభ్యత్వం రిటైరైనవారికే. అంటే ఒళ్లు హూనం చేసుకుంటున్న వాళ్లకు గొంతు లేదు. ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో 2024 అక్టోబరులో క్యాలెండర్‌పై యూరోపియన్ కమిషన్‌కే ఫిర్యాదు చేసింది. ప్రపంచ క్రికెటర్ల సంఘం 2025లో అంతర్జాతీయ మ్యాచ్‌లకు ఏటా 21 రోజుల చొప్పున నాలుగు ప్రత్యేక విడతలు ప్రతిపాదించింది.

సీజన్ మారిస్తే మన్యం పిల్లలకు అవకాశాలు తగ్గవా?

మ్యాచ్‌లు కోసేస్తే తగ్గుతాయి, ఎడం పెంచితే తగ్గవు. పైవాళ్లు విశ్రాంతి తీసుకున్నప్పుడు ఖాళీ అయ్యే చోటు కిందివాళ్లదే. ఆ చోటు మన పిల్లలకు దక్కాలంటే ఎంపికలు హైదరాబాద్ ఉప్పల్‌లోనే కాదు, కొత్తగూడెంలోనూ భద్రాచలంలోనూ జరగాలి. 2014లో ఆంధ్రాలో కలిసిన చింతూరు, కూనవరం పిల్లల కోసం అక్కడి క్రికెట్ సంఘమూ ఇదే చేయాలి. వచ్చే సీజన్ తేదీలు ఖరారు కాకముందే రెండు రాష్ట్రాల క్రికెట్ సంఘాలకూ లేఖలు రాయండి.