ఇంటిల్లిపాదీ ఒక బ్యాండు

పేరెంట్స్ మీటింగుల్లో తరచూ వినిపించే మాట ఇది: "ఎనిమిదో తరగతికి వచ్చాడు కదండీ, ఇక మ్యూజిక్ క్లాసు మానిపించేస్తాం." నిర్ణయం మీదే. అంతకుముందు రెండు ఇళ్ల సంగతి వినండి.

ఒకటి జమైకాలోది. రెగే సంగీతాన్ని ప్రపంచానికి వినిపించిన బాబ్ మార్లే 1979లో తన నలుగురు పిల్లల చేత ఒక పాట రికార్డు చేయించారు. జిగ్గీకి అప్పుడు పదేళ్లు, స్టీఫెన్‌కు ఏడు. అలా మొదలైంది 'మెలొడీ మేకర్స్' బృందం. రెండేళ్లకే, 1981లో, తండ్రి క్యాన్సర్‌తో పోయారు. పిల్లలు పాట ఆపలేదు. 1989లో 'కాన్షస్ పార్టీ' ఆల్బమ్‌కు గ్రామీ అవార్డు వచ్చినప్పుడు స్టీఫెన్‌కు ఇంకా పదహారేళ్లే.

రెండోది మన విశాఖపట్నంలోనిది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు (1893–1964) పెరిగింది ఇక్కడే. చూపు మందగించడంతో బడి చదువు సాగలేదు. (మీ పిల్లలు పుస్తకాన్ని మరీ దగ్గరగా పెట్టుకుని చదువుతుంటే మాత్రం ముందు కళ్ల డాక్టరుకు చూపించండి.) అన్నగారు వెంకటకృష్ణయ్యే ఆయనకు వయొలిన్ గురువు. ఇరవయ్యారో ఏట విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులయ్యారు, 1936లో అక్కడే ప్రిన్సిపాల్. కూతురు మంగతాయారు గారూ పేరున్న వయొలిన్ విద్వాంసురాలే.

అక్కడ తండ్రి, ఇక్కడ అన్న. నేర్పింది ఇంట్లోవాళ్లే. మీకు సంగీతం రాదంటారా? ఈ ఆదివారం భీమిలి బీచ్ నుంచి వచ్చాక ఇది ప్రయత్నించండి.

పిల్లలు ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నిదానంగా లెక్కపెడుతూ ఉండాలి. మన ఆదితాళంలో దెబ్బ మొదటి అంకె మీదే పడుతుంది. రెగేలో పేరున్న 'వన్ డ్రాప్' నడకలో అక్కడ డ్రమ్ము మోగదు, మూడు మీద మోగుతుంది. రెండు, నాలుగు గిటారువి. అందుకని అమ్మ రెండు మీద, నాలుగు మీద చప్పట్లు కొట్టాలి. నాన్న మూడు మీద స్టీలు పళ్లెం మోగించాలి. ఒకటి దగ్గర ఎవరి చెయ్యీ కదలకూడదు.

మొదట తప్పేది పెద్దవాళ్లే, చెయ్యి అలవాటుగా ఒకటి మీదికే పోతుంది. పిల్లల్నే సరిదిద్దనివ్వండి. కుదిరాక ఎవరి పని వాళ్లు మార్చుకోండి. పది నిమిషాలు చాలు. డైరీలో సంతకం అక్కర్లేదు.